ఉచితంగా దొరికిన లైబ్రరీ, ఊహించని నోటీసు

ప్రశ్న: ఓపెన్ సోర్స్ సాధనాలతో ఒక సంస్థకు వెబ్ అప్లికేషన్ తయారు చేసి ఇచ్చాను. పట్టికలు చూపడానికి అందులో వాడిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ఇతరులు రాసిన సిద్ధపు కోడ్) జీపీఎల్ మూడో వెర్షన్ కింద ఉందని గమనించలేదు. జీపీఎల్ అంటే, ప్రతిని ఇతరులకు పంపిణీ చేస్తే దానితో కలిపి రాసిన ప్రోగ్రాము సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు. సోర్స్ కోడ్ ఇవ్వాలని, లేదా వాణిజ్య లైసెన్సు కొనాలని హక్కుదారులు రెండు వారాల క్రితం ఈమెయిల్‌లో మొదటిసారి నోటీసు పంపారు. రాత్రింబవళ్లు కష్టపడి రాసిన కోడ్ వాళ్లకెందుకివ్వాలి? అప్లికేషన్ సర్వర్‌లోనే ఉంది కదా?

జవాబు: మీరు ఎంత కష్టపడ్డారన్నది ఈ వివాదంలో లెక్కకు రాదు. లైబ్రరీ ప్రతి ఇతరుల చేతికి వెళ్లిందా లేదా అన్నదే తేలాలి. సర్వర్‌లోనే నడిచి ఫలితం మాత్రమే పంపే ప్రోగ్రామును జీపీఎల్ పంపిణీగా పరిగణించదు. జావాస్క్రిప్ట్ ఫైలు మాత్రం వాడుకదారు బ్రౌజర్‌కు చేరితే గానీ నడవదు కనుక, పేజీ తెరిచిన ప్రతివారికీ ఒక ప్రతి అందినట్టే. పైగా ఆ సంస్థకు మొత్తం అప్పగించినప్పుడే పంపిణీ జరిగిపోయింది. సర్వర్ వైపు కోడ్ విడి ప్రోగ్రామని వాదించవచ్చు గానీ, బ్రౌజర్‌లో లైబ్రరీతో కలిసి నడిచే భాగానికి ఆ వాదన కష్టం.

ఇక గడువు సంగతి. ఈ లైసెన్సు 8వ సెక్షన్ ప్రకారం, ఆ హక్కుదారు నుంచి ఉల్లంఘన నోటీసు రావడం ఇదే మొదటిసారైతే, అందిన తర్వాత 30 రోజులు నిండకముందే ఉల్లంఘనను సరిదిద్దుకున్నవారికి లైసెన్సు శాశ్వతంగా పునరుద్ధరణ అవుతుంది. రెండో వెర్షన్‌లో ఈ వెసులుబాటు లేదు. ఆ 30 రోజుల్లో దాదాపు సగం మీరు బాధపడుతూ గడిపేశారు. లైబ్రరీతో వచ్చే లైసెన్స్ ఫైలును వాడకముందే ఒక్కసారి తెరిచి చూసి ఉంటే ఈ నోటీసే వచ్చేది కాదు.

ఫైలు పైనున్న కాపీరైట్ వ్యాఖ్యలను చెరిపి, కోడ్‌ను మినిఫై చేసి (ఖాళీలు తీసి, పేర్లు కుదించి), గిట్ చరిత్రను (కోడ్ మార్పుల రికార్డును) తిరగరాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మినిఫై చేసినా లోపలి సందేశాలు, ప్రాపర్టీ పేర్లు చాలావరకు అలాగే ఉంటాయి. నోటీసు పంపినవారు పాత ప్రతిని ఈపాటికే భద్రపరచుకుని ఉంటారు. నోటీసు అందాక సాక్ష్యం చెరిపితే, ఇప్పటివరకు నిర్లక్ష్యంగా ఉన్నది ఉద్దేశపూర్వకమైన ఉల్లంఘన అవుతుంది.

ముందుగా నోటీసు ఈమెయిల్‌ను హెడర్లతో (ఎవరు, ఎప్పుడు పంపారో చూపే వివరాలతో) సహా భద్రపరచండి. ప్యాకేజ్ లాక్ ఫైలు (వాడిన లైబ్రరీల కచ్చితమైన వెర్షన్ల జాబితా), మీరు వాడిన వెర్షన్‌తో వచ్చిన లైసెన్స్ ఫైలు, గిట్ లాగ్ కూడా దాచండి. కొన్ని లైబ్రరీల లైసెన్సు మధ్యలో మారుతుంది, మీకు వర్తించేది మీరు వాడిన వెర్షన్‌దే. గడువులోగా సోర్స్ ఇవ్వడమో, వాణిజ్య లైసెన్సు కొనడమో ఇష్టం లేకపోతే, ఆ లైబ్రరీని తొలగించి సోర్స్ ఇవ్వాలనే షరతు లేని ఎంఐటీ లైసెన్సు ఉన్న మరొకటి పెట్టండి. దాని కాపీరైట్ ప్రకటనను మాత్రం తీసేయకండి. చేసిన మార్పును తేదీతో సహా హక్కుదారులకు రాతపూర్వకంగా తెలపండి. ఆ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలో కోడ్ పూర్తిగా మీ సొంతమని హామీ ఇచ్చి ఉంటే, వారికి ఈ విషయం ఇతరుల ద్వారా తెలియకముందే మీరే ఉత్తరం రాసి, మార్చిన ప్రతిని అందజేయండి.