మూడు నెలలకు మళ్లీ వచ్చి మూత్రం, రక్తం అడిగితే ఇవ్వాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర మీ ఊళ్లోకి కిడ్నీ జబ్బు మీద పరిశోధన అంటూ ఒక బృందం వచ్చి మీ అమ్మగారి రక్తం, మూత్రం తీసుకెళ్లింది. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ గుమ్మంలోకొచ్చి ఇంకోసారి ఇమ్మంటున్నారు. అమ్మగారు ససేమిరా అంటున్నారు. ఇన్నేళ్లుగా పట్టుకుపోతూనే ఉన్నారు, ఈ జబ్బు మన దగ్గర ఎందుకొస్తోందో కారణం చెప్పిన నాథుడు లేడు, ఇవ్వాలా వద్దా అని.

ఇవ్వమనండి. మొన్న ఇచ్చినదానికన్నా ఇప్పుడు ఇచ్చేదే అసలైనది. కాకపోతే ఊరికే ఇవ్వొద్దు. వాళ్ల దగ్గర అడిగి తీసుకోవాల్సినవి ఉన్నాయి.

నేను డాక్టర్ని కాదు. సోంపేట, మందస మండలాల్లో ఇలాంటి ఒక సర్వేకి ఫీల్డ్ వర్కర్‌గా తిరిగాను. సాయంత్రం ఇంటింటికీ సీసాలు పంచడం, తెల్లారేసరికి మళ్లీ వెళ్లి తీసుకోవడం, ప్రశ్నలడిగి ట్యాబ్‌లో నింపడం, ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాని బండి వెనక కట్టుకుని ల్యాబ్‌కి చేర్చడం నా పని. రెండో విడతకి వెళ్లినప్పుడు మా ముఖాన తలుపేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీ అమ్మగారి మాట నాకు కొత్తేం కాదు.

ముందు రెండోసారి ఎందుకో చూద్దాం. క్రియాటినిన్ అనేది కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలోకి పంపేస్తాయి, వడపోత మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. ఉద్దానంలో చదువు లేనివాళ్లు కూడా "నీకు క్రియాటిన్ ఎంత?" అని అడుగుతారు, మీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ అంకె ఒకచోట నిలబడేది కాదు. ఏప్రిల్ ఎండలో రోజంతా జీడిపిక్కలు ఏరి, చెమటకి తగ్గ నీళ్లు తాగక, సాయంత్రం ఒళ్లు నొప్పులని మెడికల్ షాపువాడిచ్చిన డైక్లోఫెనాక్ బిళ్ల మింగిన మనిషికి మర్నాడు పొద్దున్నే రక్తం తీస్తే అంకె పెరిగి కనబడొచ్చు. రాత్రి మాంసం గట్టిగా తిన్నా కొంచెం పైకి పోతుంది. మూత్రంలో పోయే ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) కూడా అంతే. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు పడ్డ విపరీతమైన శ్రమ, వీటిలో ఏదైనా దాన్ని తాత్కాలికంగా పెంచేస్తుంది.

అందుకే ప్రపంచమంతా కిడ్నీ డాక్టర్లు ఒక గీత గీసుకున్నారు. వడపోత వేగాన్ని లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువుండటమో, మూత్రంలో ప్రతి గ్రాము క్రియాటినిన్‌కి ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు, ఆపైన పోవడమో మూడు నెలలు దాటినా కొనసాగితేనే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్కసారి తీసిన శాంపిల్‌తో అనుమానించగలరు, అంతే. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు కిడ్నీ డాక్టర్ వివేకానంద్ ఝా ఆధ్వర్యంలో ఉద్దానం ప్రాంతంలోని 67 ఊళ్లలో సుమారు 2,400 మందిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. తేడా కనబడ్డవాళ్లకి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేశాకే లెక్క తేల్చారు. నూటికి 21 మందికి జబ్బు ఉందని తేలింది. ఐదుగురిలో ఒకరు! ఒక్క పరీక్షతో ఆపేసుంటే ఆ లెక్కని ఎవరూ నమ్మేవారు కాదు, ఆరోగ్యంగా ఉన్న కొందరికి లేని జబ్బు అంటగట్టినట్టూ అయ్యేది.

ఇక్కడ మీరొకటి గమనించాలి. చాలా సర్వేల్లో రెండోసారి అందరి దగ్గరకీ వెళ్లరు, మొదటిసారి తేడా వచ్చినవాళ్ల దగ్గరకే వెళ్తారు. మీ వీధిలో ఇంకెవరినీ అడక్కుండా అమ్మగారినే అడుగుతున్నారంటే మొదటి రిపోర్టులో ఏదో ఉండొచ్చు. భయపడమని కాదు. ముందు ఆ కాగితం చేతిలో పెట్టమనండి.

మా దగ్గర ఒద్దన్నవాళ్లు రకరకాలుగా చెప్పేవారు. "మొన్న తీసుకెళ్లింది సాల్లేదేటి బాబూ? నెత్తురంతా తోడేస్తే రేపు పనికెల్లేదెవులు?" అని ఒక ముసలామె నా మీద లేచింది. పరీక్షకి తీసేది మహా అయితే పది మిల్లీలీటర్లు, రెండు చెంచాలు. రక్తదానంలో 350 తీస్తారు, దానికే మనిషికి ఏమీ కాదు. ఈ మాట చెప్తే సగం మంది మెత్తబడేవారు. మూత్రం దగ్గర మాత్రం సిగ్గు. మగపిల్లాడి చేతికి సీసా ఎలా ఇస్తారు? కొంగు చాటున తెచ్చి గోడవార పెట్టి, "అదిగో" అని కళ్లతో చూపించి లోపలికెళ్లిపోయేవారు. మా జట్టులో ఆశా వర్కర్ ఉన్న రోజు పని ఇట్టే అయిపోయేది. మీ అమ్మగారికి కూడా అదే ఇబ్బందైతే ఆడమనిషిని పంపమని అడగండి, కాదనరు.

వీటికన్నా లోతైన భయం ఒకటుంది, అది బయటికి చెప్పరు. ఒక కుర్రాడు మమ్మల్ని ఇంట్లోకి రానివ్వకుండా కొబ్బరితోటలోకి తీసుకెళ్లి అక్కడ రక్తం ఇచ్చాడు. ఎందుకంటే, చెల్లికి విశాఖ సంబంధం మాటల్లో ఉంది, ఇంటి ముందు ఐస్ డబ్బా కనబడితే "వాళ్లింట్లో కిడ్నీ ఉందట" అని వెళ్లిపోతుంది మాట. ఉద్దానం పిల్లని చేసుకోవడానికి, ఉద్దానానికి పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడటం మనకి తెలిసిందేగా. ఈ భయాన్ని మూఢత్వం అని కొట్టిపారేసే పరిశోధకులంటే నాకు ఒళ్లుమంట. సీసా మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. ఫలితం అరుగు మీద పదిమందిలో చదవకూడదు. చదివితే గట్టిగా అడగండి.

అన్నిటికన్నా న్యాయమైన కోపం మాత్రం రిపోర్టులది. మాకన్నా ముందు వచ్చిన ఒక జట్టు రక్తం తీసుకుని కాగితం ముక్క ఇవ్వకుండా పోయిందట. ఆ ఊళ్లో మేం ఏం చెప్పినా "ముందు ఆలది తెండి" అనేవారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. ఇవ్వాల్సిందే.

ఇన్నేళ్లయినా కారణం చెప్పలేదన్నారు. నిజమే. 1990ల నుంచి అనుమానాలు నడుస్తూనే ఉన్నాయి. ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, పురుగుమందులు, బావినీళ్లలో సిలికా, భార లోహాలు, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం. ఇందులో ఏ ఒక్కటీ ఇంకా నేరం ఒప్పుకోలేదు. ఒకే కారణం ఉంటుందన్న నమ్మకం నాకైతే తక్కువ. అయితే ఇలాంటిదే ఇంకోచోట ఎలా తేలిందో చెప్తాను. డాన్యూబ్ ఉపనదుల పక్క ఊళ్లలో, బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రుమేనియా వైపు, రైతు కుటుంబాల్లో కిడ్నీలు మెల్లగా ఎండిపోయే జబ్బు ఒకటి 1950ల్లో వెలుగులోకొచ్చింది. వాళ్లలో చాలామందికి కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టాల్లో క్యాన్సర్ కూడా వచ్చేది. సీసం అన్నారు, వైరస్ అన్నారు, బావినీళ్లు అన్నారు, ధాన్యానికి పట్టే బూజు అన్నారు. దశాబ్దాలు గడిచాయి. 1990ల మొదట్లో ఎక్కడో బ్రసెల్స్‌లో, సన్నబడటానికి చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లకి కిడ్నీలు పోయాయి, చూస్తే అదే రకం దెబ్బ. ఆ మూలికల్లో ఉన్నది అరిస్టలోకిక్ ఆమ్లం. చివరికి 2007లో క్రొయేషియా రోగుల కిడ్నీ కణజాలంలో, డీఎన్ఏకి అతుక్కుని, ఆ విషం గుర్తులు దొరికాయి. ఆ ఆమ్లం ఉండే, గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే మొక్క గింజలు పంటతో కలిసి పిండిలోకి, పిండి నుంచి రొట్టెలోకి వచ్చాయన్నమాట. అర్ధశతాబ్దం పట్టింది. తేలింది మాత్రం జబ్బుపడ్డవాళ్లు ఇచ్చిన శాంపిళ్ల వల్లే.

(పక్క మాట: ఆ మొక్క బంధువులు మన దగ్గరా ఉన్నాయి. ఈశ్వరివేరు ఆ జాతిదే. అమ్మగారు ఎవరైనా ఇచ్చిన నాటుమందు తాగుతుంటే, అందులో ఏముందో తెలియకపోతే, ఆపించండి. సర్వేవాళ్లు "పసరు మందులు వాడారా" అని అడిగినప్పుడు సిగ్గుపడి లేదనొద్దు. మేం అడిగినప్పుడు ముందు అందరూ లేదనేవారు, టీ తాగుతూ కూర్చుంటే అప్పుడు పేర్లు బయటికొచ్చేవి.)

కారణం తేలేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు కూడా. నికరాగ్వా చెరకు కోత కూలీలకీ మనలాంటి జబ్బే ఉంది. అక్కడ నీళ్లు, నీడ, మధ్యమధ్యలో విశ్రాంతి కచ్చితంగా అమలు చేసినచోట కిడ్నీ దెబ్బతినడం తగ్గినట్టు చూశారు. మీ ఇంట్లో తోట పనికి వెళ్లేవాళ్లందరికీ ఇది ఈరోజు నుంచే పనికొస్తుంది.

ఇక మీరు అడగాల్సినవి. మొదటి రిపోర్టు కాగితం మీద కావాలనండి, "అంతా బాగానే ఉంది" అన్న నోటిమాట చాలదు. అందులో క్రియాటినిన్ ఒక్కటే ఉంటే ఈజీఎఫ్ఆర్ ఎంతో రాసివ్వమనండి. ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఒకే 1.2 క్రియాటినిన్‌తో 25 ఏళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ 86 దాకా వస్తుంది, 60 ఏళ్ల ఆడమనిషికి 52 దగ్గరే ఆగుతుంది (2021లో సవరించిన ఫార్ములాతో లెక్కేస్తే). ల్యాబ్ కాగితం మీద ఇద్దరికీ నార్మల్ అనే అచ్చేసి ఉండొచ్చు. పైగా మన ఊళ్లలో కూలి చేసుకునే ఆడవాళ్లు బక్కపల్చని మనుషులు, కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ పుట్టేదే తక్కువ. 1.2 చూసి ఊపిరి పీల్చుకోకండి.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి మీ దగ్గర ఉండాలి. అమ్మగారు వేలిముద్ర వేస్తే, ఆ జట్టుకి చెందని మనిషి ఒకరు సాక్షిగా ఉండాలి. మిగిలిన రక్తాన్ని దాచుకుని తర్వాత వేరే పరీక్షలకి వాడుకుంటారా అన్న ప్రశ్న విడిగా ఉంటుంది. దానికి వద్దని టిక్ పెట్టి, మిగతాదానికి సరేనని ఇవ్వొచ్చు, అది మీ ఇష్టం. విదేశీ సంస్థలు కలిసి చేస్తుంటే దానికి వేరే ప్రభుత్వ అనుమతి కావాలి, ఉందా అని అడగండి. కాగితం మీద ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ) ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే నేనైతే సీసా వెనక్కిచ్చేస్తాను. మధ్యలో మానేసినా ఆసుపత్రిలో అమ్మగారి వైద్యానికి ఏ ఆటంకమూ ఉండకూడదు. పింఛన్ గురించి కూడా పుకార్లు నడుస్తుంటాయి. డయాలసిస్ వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నెలకి 10,000 రూపాయలు ఈ సర్వే వల్ల రావు, పోవు.

శాంపిల్ ఇచ్చే ముందురోజు అమ్మగారిని ఎండలో పనికి పంపకండి. నీళ్లు మామూలుగా తాగితే చాలు, బిందెలు తాగక్కర్లేదు. రాత్రి మాంసం వద్దు. నొప్పి బిళ్ల వేసుకునుంటే ఏ రోజు వేసుకున్నారో చెప్పండి. జ్వరమో, మూత్రంలో మంటో ఉంటే వారం తర్వాత రమ్మనండి, మొహమాటం వద్దు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, కొంచెం వదిలేశాక మధ్యలోది పట్టాలి. కూలి పోతుందనుకుంటే తెల్లారకముందే ఇంటికొచ్చి తీసుకోమనండి. మేం అలాగే వెళ్లేవాళ్లం.

రెండు రిపోర్టుల్లోనూ ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువుంటే, లేదా రెండింట్లోనూ ఆల్బుమిన్ పోతుంటే, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు కాగితాలూ పట్టుకెళ్లండి. ఒక్కటే పట్టుకెళ్తే వాళ్లు కూడా మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయించుకు రమ్మనే అంటారు.