ఆ దెబ్బతో వాడికి ఏం దొరుకుతోంది?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఆటిజం ఉంది. నాలుగైదు మాటలకు మించి రావు. ఆరు నెలలుగా అరచేత్తో చెంపల మీద, చెవి దగ్గర కొట్టుకుంటున్నాడు. ఒక్కోసారి తల గోడకేసి బాదుకుంటాడు. పలక ముందు కూర్చోబెడితే చాలు, మొదలవుతుంది. భయమేసి పలక తీసేస్తాను. ఈ మధ్య అర్ధరాత్రి లేచి కూడా కొట్టుకుంటున్నాడు. మా అత్తగారు దిష్టి అని తాయెత్తు కట్టించారు. మా ఆయనేమో రెండు తగిలిస్తే వాడే మానేస్తాడంటారు. నేను రెండుసార్లు చున్నీతో చేతులు కట్టేశాను, విప్పగానే మళ్లీ మొదలుపెట్టాడు. దీనికి మందు ఉందా?
- ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: చేతులు కట్టేశానని దాచకుండా రాశారు. తల పగులుతుందేమోనన్న భయంతో చేసిన పని అది, అందుకని మిమ్మల్ని తప్పుపట్టను. ఇక మీదట మాత్రం కట్టొద్దు. కట్టు విప్పగానే మళ్లీ మొదలైందని మీరే రాశారంటే, దానివల్ల ఏమీ ఒరగలేదనే కదా.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'అర్ధరాత్రి'. పలకా లేదు, పక్కన పోరేవాళ్లూ లేరు, అయినా లేచి కొట్టుకుంటున్నాడంటే ఎక్కడో నొప్పి ఉందేమో ముందు చూడాలి. చెవిలో చీము, పుచ్చిపోయిన పన్ను, రోజుల తరబడి మలబద్ధకం, కడుపులో మంట... మాటలు రాని పిల్లలు వీటిని చెప్పలేక కొట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక పాప గడ్డం కింద పిడికిలితో గుద్దుకునేది. ఏడాదిపాటు అందరూ మొండితనం అన్నారు. చూస్తే దవడ పన్ను పుచ్చి ఉంది. అది తీయించాక పూర్తిగా మానలేదు గానీ బాగా తగ్గింది. మీవాడు ఏ వైపు చెవి దగ్గర కొట్టుకుంటున్నాడో గమనించండి. కంటి మీద దెబ్బలు పడుతుంటే కంటి డాక్టరుకీ చూపించాలి, లోపలి పొర దెబ్బతినొచ్చు. తల బాదుకున్నాక వాంతులైనా, మత్తుగా పడిపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక పలక సంగతి. 1982లో అమెరికాలోని బాల్టిమోర్‌లో బ్రయన్ ఇవాటా అనే మనస్తత్వవేత్త బృందం ఇలా కొట్టుకునే తొమ్మిదిమందిని వేర్వేరు సందర్భాల్లో పెట్టి చూసింది. ఒకసారి పని చెప్పి, కొట్టుకోగానే ఆ పని ఆపేసేవారు. ఒకసారి పట్టించుకోనట్టు ఉండి, కొట్టుకోగానే 'వద్దమ్మా' అని దగ్గరికెళ్లేవారు. ఇంకోసారి ఒంటరిగా వదిలేసేవారు, మరోసారి హాయిగా ఆడించేవారు. బయటికి ఒకేలా కనిపించే దెబ్బ ఒక్కొక్కరిలో ఒక్కో కారణంతో వస్తోందని తేలింది. 1994లో అదే బృందం 152 కేసుల లెక్క ప్రచురించింది. అందులో అన్నిటికంటే ఎక్కువ, సుమారు 38 శాతం, ఏదో ఒక పని తప్పించుకోవడానికి కొట్టుకునేవారే.

మీ ఇంట్లో జరిగేది ఇప్పుడు చూడండి. పలక వస్తుంది, వాడు కొట్టుకుంటాడు, పలక పోతుంది. ఆరు నెలలుగా వాడికి ఈ పాఠం మాత్రం బాగా వచ్చింది. మీవారు రెండు తగిలించినా, ఆ గొడవలో పలక పక్కకు పోతుంది కాబట్టి వాడు అనుకున్నది జరిగినట్టే.

ఇది నా అంచనా మాత్రమే. రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎన్ని గంటలకు, కొట్టుకోవడానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు. 'ఊరికే కొట్టుకున్నాడు' అని రాయకండి. కుక్కర్ విజిల్ వేసిందా, చుట్టాలొచ్చారా, ఆకలి వేళా, అది రాయండి.

పలకే కారణమని తేలితే, 'చాలు' అని చెప్పే దారి ఒకటి వాడికి నేర్పాలి. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ నలుగురు పిల్లలకు ఇలాగే అడగడం నేర్పారు. వాళ్లకు కావలసినదాన్నే అడిగే మాట నేర్పితే గొడవ తగ్గింది, సంబంధం లేని మాట నేర్పితే తగ్గలేదు. అందుకే నోట్‌బుక్ ముందు, నేర్పడం తర్వాత. పాత శుభలేఖ అట్ట ఒకటి కత్తిరించి దానిమీద అరచెయ్యి బొమ్మ గీయండి. పలక ముందు కూర్చున్న ఒకటి రెండు నిమిషాలకే, వాడు చెయ్యెత్తకముందే, వాడి చేత్తో ఆ అట్ట ముట్టించి 'చాలు' అనండి. వెంటనే పలక తీసేయండి. మొదటి వారం రోజుకి నలభైసార్లు ముట్టుకుంటాడు, నలభైసార్లూ తీసేయాల్సిందే. ఇక చదువేం వస్తుందని మీకు టెన్షన్ వస్తుంది, తెలుసు. ఆ దారి బాగా అలవాటయ్యాక 'ఒక్క అక్షరం రాసి, తర్వాత చాలు' అని మెల్లగా పెంచుకోవచ్చు.

'పట్టించుకోకుండా వదిలేయండి, అదే పోతుంది' అని ఎవరైనా చెబితే వినకండి. అలా వదిలేస్తే ముందు పెరిగే ప్రమాదం ఉంది. తల బాదుకునే పిల్లాడి మీద ఇంట్లో చేసే ప్రయోగం కాదది. బాదుకుంటుంటే తలకీ గోడకీ మధ్య దిండు పెట్టండి. అప్పుడు కేకలు, బుజ్జగింపులు రెండూ వద్దు.

మందుల గురించి అడిగారు. రిస్పెరిడోన్‌కు 2006లో, అరిపిప్రజోల్‌కు 2009లో అమెరికాలో ఆటిజం పిల్లల చిరాకు, కోపం, కొట్టుకోవడం లాంటివాటికి అనుమతి వచ్చింది. కొందరికి పనిచేస్తాయి. బరువు పెరుగుతారు, మగతగా ఉంటారు. సైకియాట్రిస్టు చూసి రాస్తే సరే, మెడికల్ షాపులో అడిగి కొనకండి.

జిల్లా ఆసుపత్రిలో బాలల సత్వర చికిత్సా కేంద్రం ఉందేమో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక దివ్యాంగుల జాతీయ సంస్థ ఉంది, అక్కడ ఇలాంటి పిల్లలకు పరీక్షలు, శిక్షణ ఉంటాయి. ఆటిజం లాంటి వైకల్యాలున్నవారి కోసం ప్రభుత్వం నడిపే 'నిరామయ' ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి, థెరపీకి వస్తుంది. మీకు మరీ భారంగా ఉన్న రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

తాయెత్తు ఉండనివ్వండి, దానికోసం అత్తగారితో గొడవెందుకు. సాయంత్రం పూట నోట్‌బుక్ బాధ్యత ఆవిడకే అప్పగించండి. మనవడు ఎప్పుడేం చేశాడో ఆవిడకు మనకంటే బాగా తెలిసి ఉంటుంది.

చెవి డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. రాత్రి కొట్టుకునేటప్పుడు ఒక అరనిమిషం వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు మీవాడు బుద్ధిమంతుడిలా కూర్చుంటే మీ మాట ఎవరూ నమ్మరు.