ఆపేసిన కూల్‌డ్రింక్ మళ్లీ వచ్చినా పాత రుచి ఎందుకు అనిపించదు?
రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. అది మెదడులో జ్ఞాపకాల చోటికి దాదాపు నేరుగా చేరుతుంది. సీసా మూత తీయగానే గ్యాస్ ముక్కులో గుచ్చుకుంటే వేసవి సెలవులు గుర్తొస్తాయి. ఆ సెలవులు మాత్రం సీసాలో ఉండవు కదా!

ఒక్కోసారి రుచి నిజంగానే మారుతుంది. 1990లో మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో ఫ్రెంచ్ ఫ్రైస్‌ని పశువుల కొవ్వులో వేయించడం మానేసి వంటనూనెకు మారింది. పాత ఫ్రైస్ కోసం బెంగపడేవాళ్లది ఉత్త భ్రమ కాదు.

కోకాకోలా సంగతి ఇంకా తమాషా. 1985 ఏప్రిల్‌లో ఫార్ములా మార్చింది. అంతకుముందు పేరు చెప్పకుండా తాగించి చూస్తే ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. పాతది ఇక దొరకదని తెలిశాక మాత్రం పెద్ద గొడవైంది. 79 రోజులకే పాతది తిరిగొచ్చింది.