వీడ్కోలు సభ కన్నా ఆ తరువాతి వారాలే గుర్తున్నాయి

పదో తరగతి ముగిసిన రోజులు నిజంగా అంత గొప్పవా, లేక వయసు పెరిగే కొద్దీ మనమే వాటిని గొప్ప చేసుకుంటున్నామా అని మీరు అడిగారు. నేను 2004లో హైదరాబాద్‌లోని భరత్‌నగర్ దగ్గరి ఒక ప్రైవేటు పాఠశాలలో పదో తరగతి పూర్తి చేశాను. నా మటుకు నాకు వీడ్కోలు సభ గొప్పదేమీ కాదు. పరీక్షల తరువాత దొరికిన కొన్ని వారాలు మాత్రం గొప్పవే.

సభకు తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని షామియానా వేయించారు. అమ్మాయిలు ఓణీల్లో వచ్చారు, మేము అన్నల చొక్కాలు తొడుక్కుని వెళ్లాము. సమోసా, కేకు ముక్క, కూల్‌డ్రింకు పంచాక, ప్రధానోపాధ్యాయుడుగారు 600 మార్కులకు 550 దాటాలని మరొక్కసారి హెచ్చరించి, అదే వేదిక మీద హాల్‌టికెట్లు ఇచ్చారు. హాల్‌టికెట్టు జేబులో పెట్టుకున్నవాడికి ఇక డాన్సు ఏం గుర్తుంటుంది? అసలు వీడ్కోలు పదకొండు పేపర్లూ అయిపోయిన నాడు, సోషల్ రెండో పేపరు రాసి బయటికి వచ్చాక, పరీక్షా కేంద్రం గేటు ముందు ఒకరి చొక్కాల మీద ఒకరం సిరా చల్లుకున్నప్పుడు జరిగింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో నన్ను కోప్పడడానికి ఎవరికీ కారణం దొరకలేదు. పాత పుస్తకాలతో పని తీరింది, కొత్తవి ఇంకా రాలేదు, ఫలితాలు వెలువడలేదు. ఏళ్ల తరబడి తెల్లవారుజామునే ట్యూషన్‌కు పరుగెత్తినవాణ్ణి పొద్దున్నే లేపడానికి మా అమ్మకు కూడా మనసొప్పలేదు. నగరంలో తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003 ఆగస్టులోనే మొదలై ఇంకా కొత్తగా ఉండేవి. భరత్‌నగర్‌లో ఎక్కి, ఒకనాడు ఇటు లింగంపల్లి దాకా, ఒకనాడు అటు నెక్లెస్ రోడ్డు దాకా వెళ్లేవాళ్లం. పని ఉండి కాదు, ఏ పనీ లేదు కాబట్టే. హుస్సేన్‌సాగర్ గట్టున కూర్చుని, పడవ టికెట్టుకు డబ్బులు చాలక సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహాన్ని దూరం నుంచే చూసి, చీకటి పడ్డాక ఇల్లు చేరితే, "ఇంత ఆలస్యమా" అనే మాటతో సరిపోయేది. పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ మాత్రం నమ్మకం దక్కడమే ఒక డిగ్రీ పట్టాలా అనిపించేది.

అది ఎంతోకాలం సాగలేదు. ఫలితాలు రాకముందే కార్పొరేట్ కళాశాలల్లో పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఇంటికి వచ్చి, ఎంపీసీయా బైపీసీయా అని అడగడం మొదలుపెట్టారు. ఇంటర్‌కు ముందస్తు తరగతులైన బ్రిడ్జి కోర్సు పేరుతో ఎండాకాలం మధ్యలోనే హాస్టల్లో చేర్చారు. (రాయితీ సీటు చేజారుతుందని భయపెట్టడంలో వాళ్లది అందెవేసిన చేయి.) తరువాతి రెండేళ్ల ఇంటర్ చదువులో ఆదివారాలు కూడా పరీక్షలే కావడం వల్ల ఆ కొద్ది వారాలు మరీ తియ్యగా తోస్తున్నాయేమో; ఆ మేరకు మీ అనుమానంలో నిజముంది.

అయితే ఆ స్వేచ్ఛ మా తరగతిలో అందరిదీ కాదు. ఈమధ్య మా వాట్సాప్ గ్రూపులో మేము రైలు కబుర్లు చెప్పుకుంటుంటే, మాతో చదివిన ఒకమ్మాయి ఆ సెలవులంతా తాను కుట్టుపని నేర్చుకుంటూ, సాయంత్రం ఆరు లోపు ఇంట్లో ఉండేదాన్నని, భరత్‌నగర్ స్టేషను మెట్లు మొదటిసారి ఎక్కింది ఉద్యోగంలో చేరాకనేనని రాసింది. మీ ప్రశ్న ఆమెను అడిగితే వచ్చే జవాబు వేరు.