పాఠకుల ప్రశ్నలు: ఇంటిపేరు వెంట కాదు, భూమి వెంట వెళ్ళండి

ఈసారి చాలా ఉత్తరాలు ఒకే సంగతి మీద వచ్చాయి, మధ్యయుగం నాటి ఇంగ్లండ్‌లో భూములున్న కుటుంబాల వంశాన్ని పాత కోర్టు కాగితాల్లోంచి ఎలా బయటికి తీయాలి అని. నాకు ప్రాణమైన విషయం కాబట్టి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ నెలంతా దీనికే ఇచ్చేశా.

ప్రశ్న: మా ఆయన వాళ్ళది ఇంగ్లండ్ కుటుంబం. వాళ్ళ పూర్వీకులకి 1300ల్లో సొంత మేనర్ ఉండేదని ఇంట్లో చెప్పుకుంటారు. చర్చి రిజిస్టర్లు పట్టుకుని వెనక్కి వెళ్తూ 1560ల దాకా వచ్చా, అక్కడితో దారి మూసుకుపోయింది. ఇంకా వెనక్కి వెళ్ళడం కుదరదా?

జవాబు: కుదురుతుందండీ, కాకపోతే దారి మారుతుంది. చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసి పెట్టాలని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆర్డర్ వేసింది 1538లో, అంతకు ముందు ఎవరు ఎప్పుడు పుట్టారన్నది పద్ధతిగా రాసి పెట్టినవాళ్ళు లేరు. ఆ కాలంలో మనిషి పుట్టాడా పోయాడా అన్నది పట్టించుకున్నది చర్చి రిజిస్టర్ కాదు, భూమి. భూమి చేతులు మారినప్పుడల్లా ఎక్కడో ఒక చోట ఒక రాత పడింది, ఆ రాతలో తండ్రి పేరో అన్న పేరో భార్య పేరో ఉంటుంది. అందుకే 1538 దాటి వెనక్కి వెళ్ళాక ఇంటిపేరుని వదిలేసి మేనర్‌ని పట్టుకోండి. మేనర్ అంటే ఒక దొర కింద ఉండే పొలాలు, కౌళ్ళు, అక్కడి చిన్న కోర్టు అన్నీ కలిపిన ఎస్టేట్. ఇంటిపేరు అప్పట్లో నిలకడగా ఉండేది కాదు, చిన్న కొడుక్కి ఇంకో ఊళ్ళో భూమి దొరికితే వాడు ఆ ఊరి పేరే పెట్టుకునేవాడు, రెండు తరాలయ్యేసరికి అన్నదమ్ముల పిల్లలు వేరే ఇంటిపేర్లతో తిరిగేవాళ్ళు. మేనర్ మాత్రం ఉన్న చోటే ఉంటుంది.

మొదట చూడాల్సింది ఇన్‌క్విజిషన్ పోస్ట్ మార్టెమ్ అనే రికార్డు. రాజు దగ్గర నేరుగా భూమి పట్టుకున్నవాడు పోతే ఛాన్సరీ, అంటే రాజు ఉత్తర్వులు రాసే ఆఫీసు నుంచి ఆ కౌంటీలో ఉండే ఎస్చీటర్ అనే ఆఫీసర్‌కి ఉత్తర్వు వెళ్ళేది, ఆయన ఆ చుట్టుపక్కల మనుషుల్ని, మామూలుగా ఒక డజను మందిని, జ్యూరీగా కూర్చోబెట్టి ప్రమాణం చేయించి అడిగేవాడు: ఈయన ఏ రోజు పోయాడు, ఏయే భూములున్నాయి, ఎవరి కింద ఏ సేవకి పట్టుకున్నాడు, ఏడాదికి ఎంత వస్తుంది, వారసుడెవరు, వయసెంత. వయసు ఎందుకంటే, వారసుడు మైనరైతే ఆ భూమి మీద ఆదాయమూ ఆ పిల్లాడికి పెళ్ళి కుదిర్చే హక్కూ రాజుకి వెళ్ళిపోతాయి, రాజు వాటిని అమ్ముకోవచ్చు కూడా. అంటే డబ్బు కోసం అడిగిన ప్రశ్న, కానీ దాని పుణ్యాన 1230ల నుంచి 1640ల దాకా నాలుగు వందల ఏళ్ళ తండ్రీకొడుకుల జాబితా మన చేతికి వచ్చింది. ప్లేగు వచ్చిన 1348, 1349ల్లో అయితే ఒకే ఇంటికి నెలల తేడాలో రెండు మూడు విచారణలు కనిపిస్తాయి, తండ్రి, తర్వాత కొడుకు, తర్వాత తమ్ముడు... అవి చదువుతుంటే చెయ్యి ఆగిపోతుంది.

మీ వాళ్ళ భూమి రాజు కింద కాకుండా ఏ ఎర్ల్ అనే పెద్ద ప్రభువు కిందో మఠం కిందో ఉండి ఉంటే వాళ్ళ పేరున విచారణ దొరక్కపోవచ్చు. అప్పుడు ఆ ఎర్ల్ పోయినప్పటి విచారణ తీయండి, ఆయన కింద నైట్ ఫీజు, అంటే సైనిక సేవ బదులుగా ఇచ్చిన భూమి, పట్టుకున్నవాళ్ళ లిస్టు తరచుగా అందులోనే ఉంటుంది.

ప్రశ్న: ఒకే మనిషి పోయాక రెండు కౌంటీల్లో జరిగిన విచారణల్లో వారసుడి వయసు ఒక చోట 26, ఇంకో చోట "30, ఆపైన" అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ పూర్తిగా నమ్మకండి. ప్రతి కౌంటీలో జ్యూరీ వేరు, ఆ పిల్లాడు పెరిగిన ఊరి వాళ్ళకి వయసు బాగా తెలుస్తుంది, వంద మైళ్ళ అవతల ఉన్నవాళ్ళకి వాడు మేజర్ అన్నంత వరకే తెలుసు. "30, ఆపైన" అంటే మైనర్ కాదు, రాజుకి ఇందులో ఏమీ రాదు అని అర్థం, అంతే. 26 లాంటి విడి అంకె ఉంటే, అది కుటుంబం అసలు ఉండే కౌంటీ నుంచి వచ్చిందైతే, దానికే నేను ఎక్కువ విలువిస్తా.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ కవి చాసర్. నీలం మీద బంగారు రంగు ఏటవాలు పట్టీ ఉన్న డాలు గుర్తు మాదంటే మాదని స్క్రోప్, గ్రోస్‌వెనర్ కుటుంబాలు 1385 నుంచి 1390 దాకా కొట్లాడుకుంటే ఆ కేసులో చాసర్ 1386లో సాక్ష్యం చెప్పాడు. అక్కడ ఆయన వయసు "40, ఆపైన" అని రాసుకున్నారు, ఆయుధం పట్టి 27 ఏళ్ళయిందని కూడా. ఆయన పుట్టింది 1340ల మొదట్లో అని ఇవాళ అంటున్నామంటే అందులో పెద్ద ఆధారం ఈ ఒక్క లైనే. అంత పేరున్న మనిషికే పుట్టిన సంవత్సరం తేలలేదు, మీ వారసుడికి నాలుగేళ్ళ తేడా వస్తే కంగారు పడక్కర్లేదు.

వారసుడు మైనర్‌గా ఉండి తర్వాత మేజరైతే వయసు రుజువు అని ఇంకో విచారణ జరిగేది, అబ్బాయికి 21, అమ్మాయికి పెళ్ళయి ఉంటే 14, కాకపోతే 16. అందులో ఒక్కో సాక్షి తనకి ఎలా గుర్తుందో చెప్తాడు, ఆ రోజే నా కాలు విరిగింది, ఆ వారమే నా కూతురికి పెళ్ళి చేశా అని. చదవడానికి ఎంత బావుంటాయో, కానీ అవే మాటలు ఊరు మార్చి పేరు మార్చి పదే పదే వస్తాయి, అంటే గుమాస్తా అచ్చు పోసినట్టు రాసుకుపోయినవి కూడా ఉన్నాయి. కాలు విరగడాన్ని వదిలేసి బాప్తిస్మం జరిగిన చర్చి పేరునీ తేదీనీ తీసుకోండి.

ప్రశ్న: కోర్టు రోల్స్‌లో ఏకంగా వంశవృక్షాలే ఉంటాయని విన్నా. దావాలో వంశవృక్షం ఎందుకు రాస్తారు? లాటిన్ రాని నాలాంటివాడు అది ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

జవాబు: ఇదండీ అసలు ఖజానా. భూమి మా పూర్వీకుడిది అని దావా వేసినవాడు ఆ పూర్వీకుడి నుంచి తన దాకా హక్కు ఎలా వచ్చిందో ఒక్కో మెట్టూ కోర్టులో చెప్పి తీరాలి, ఒక్క మెట్టు తప్పినా అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు, దావా పోతుంది. ముఖ్యంగా 1285లో వచ్చిన డి డోనిస్ చట్టం తర్వాత. ఒకాయన తన భూమిని "ఫలానా వాడికీ వాడి కడుపున పుట్టిన వారసులకీ" అని రాసిచ్చాడనుకోండి, ఆ చట్టంతో మధ్యలో ఎవడైనా దాన్ని అమ్మేసినా మనవడు వచ్చి ఫార్మ్‌డన్ అనే దావా వేసి నాది నాకిమ్మని అడగొచ్చు. అలా అడిగేటప్పుడు రాయించే వాక్యం ఇలా సాగుతుంది: ఆయన నుంచి హక్కు కొడుకూ వారసుడూ అయిన ఫలానాకి దిగింది, అతను పిల్లల్లేకుండా పోయాడు కాబట్టి తమ్ముడూ వారసుడూ అయిన ఫలానాకి, అతని నుంచి కూతురికి, ఆవిడ నుంచి ఇప్పుడు దావా వేసిన ఈ కొడుక్కి. నాలుగైదు తరాలు ఒక్క పేరాలో!

లాటిన్ మొత్తం రానక్కర్లేదు. "డిసెండిట్ జూస్" అనే రెండు మాటలు, అంటే హక్కు దిగింది అని, కళ్ళకి అలవాటు చేసుకోండి, అవి పదే పదే వచ్చిన చోట ఆగితే చాలు. "ఫిలియస్" కొడుకు, "ఫ్రాటర్" సోదరుడు, "హెరెస్" వారసుడు. "నేపోస్" దగ్గర మాత్రం జాగ్రత్త, మనవడూ అవ్వొచ్చు, అన్నదమ్ముల కొడుకో అక్కచెల్లెళ్ళ కొడుకో కూడా అవ్వొచ్చు, పక్క మాటలు చూడకుండా తేల్చకండి. కామన్ ప్లీస్, అంటే మామూలు మనుషుల మధ్య భూమి గొడవలు విన్న రాజు కోర్టు, దాని రోల్స్ లండన్‌లోని క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఒక్కో టర్మ్‌కి, అంటే కోర్టు కూర్చునే ఒక్కో విడతకి, వందల తోలు పొరలు పైన కలిపి కుట్టిన కట్టలు, వాటిలో చాలా వాటి ఫోటోలు హ్యూస్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టారు. తేదీలు రాజు ఏలుబడి లెక్కన ఉంటాయి. మూడో ఎడ్వర్డ్ 3వ ఏడు ట్రినిటీ టర్మ్ అంటే, ఆయన లెక్క 1327 జనవరి 25న మొదలవుతుంది కాబట్టి, 1329 వేసవి.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. దావాలో చెప్పిన వంశం హక్కు నడిచిన దారి మాత్రమే, ఆ ఇంట్లో ఇంకో ఐదుగురు కొడుకులున్నా హక్కు వాళ్ళ మీదుగా పోకపోతే వాళ్ళ పేర్లు రావు. ఇంకోటి, అది ఒక పక్షం చెప్పిన మాట, అవతలివాడు వీడి తాత అక్రమ సంతానం అని కూడా అనొచ్చు. అలా అన్నప్పుడు ఆ మాట నిజంగా ఎఫైర్ గురించే అనుకోకండి. పెళ్ళికి ముందు పుట్టిన పిల్లల్ని తల్లిదండ్రులు తర్వాత పెళ్ళి చేసుకుంటే చర్చి సక్రమ సంతానమే అంది, 1236లో మెర్టన్‌లో జరిగిన సభలో బారన్‌లు, అంటే పెద్ద భూస్వాములు, మాత్రం ఇంగ్లండ్ చట్టాన్ని మార్చడానికి మేం ఒప్పుకోం అని తేల్చేశారు, అందుకని అదే అమ్మానాన్నల పెద్ద కొడుక్కి భూమి దక్కకుండా తమ్ముడికి వెళ్ళిన ఇళ్ళు ఉండే అవకాశం ఉంది.

డోవర్, అంటే భర్త భూమిలో విధవ వాటా, దాని మీద వేసిన దావాలు మాత్రం అస్సలు వదలకండి. భర్త పోయినావిడకి ఆయన భూమిలో మూడో వంతు జీవితాంతం రావాలి, ఆయన బతికుండగా అమ్మేసిన దాంట్లో కూడా, అందుకని ఆవిడ కొన్నవాళ్ళందరి మీదా దావా వేస్తుంది, వాళ్ళేమో దీనికి హామీ ఇవ్వాల్సింది ఫలానా ఆయన కొడుకూ వారసుడూ అయిన ఫలానా అని వారసుణ్ణి కోర్టుకి పిలుస్తారు. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ఇద్దర్ని నేను తండ్రీకొడుకులని రాసుకుని ఏడాది పాటు దాని మీదే కట్టుకుంటూ పోయా, చివరికి ఇలాంటి ఒక దావాలో రెండో ఆయన తండ్రి పేరు వేరే అని కనపడింది. ఆ రోజు చాలా బాధేసింది, అప్పట్నుంచి పేరు కలిసింది కదా అని ఎవర్నీ కలపట్లేదు.

వారసత్వం చిక్కు ఎంత దూరం పోతుందో బర్క్‌లీ కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది. 1417లో థామస్ లార్డ్ బర్క్‌లీ పోయేసరికి ఉన్నది ఒక్క కూతురు ఎలిజబెత్, వారిక్ ఎర్ల్ భార్య. పాత రాతకోతల ప్రకారం బర్క్‌లీ కోట మగవాళ్ళ లైనుకే, అంటే తమ్ముడి కొడుకు జేమ్స్‌కి. కూతురి లైను ఒప్పుకోలేదు, ఆవిడ మునిమనవడి తరంలో, 1470 మార్చి 20న నిబ్లీ గ్రీన్ దగ్గర రెండు పక్షాలూ సైన్యాలతో దిగాయి, ఆవిడ కూతురి మనవడు లార్డ్ లైల్ అక్కడే చచ్చిపోయాడు. అయినా కోర్టు గొడవ 1609 దాకా ఆగలేదు. ఆ 192 ఏళ్ళ దావాల వల్లే ఆ కుటుంబం గురించి మనకి ఇంత తెలుసు.

ప్రశ్న: మా వాళ్ళ భూమి గురించి ఒక ఫైన్ దొరికింది. భూమి ఇచ్చినందుకు బదులుగా ఒక డేగ ఇచ్చారని ఉంది. ఒక డేగకి మేనర్ అమ్ముకున్నారా?

జవాబు: అమ్ముకోలేదండీ. ఫైన్ అంటే జరిమానా కాదు, కోర్టులో దావా నడిచినట్టు చూపించి చేసుకున్న రాజీ. చాలాసార్లు గొడవే ఉండదు, భూమి మార్పు కోర్టు రికార్డులోకి ఎక్కితే తర్వాత ఎవరూ కాదనలేరని ఇద్దరూ కలిసి చేసుకునేవాళ్ళు. ఒకే తోలు కాగితం మీద అదే ఒప్పందం మూడుసార్లు రాసి, మధ్యలో వంకర టింకరగా కోసి, పక్షానికొకటి ఇచ్చి అడుగు ముక్కని కోర్టు ఉంచుకునేది. ఎప్పుడైనా అనుమానం వస్తే అంచులు కలిపి చూడటమే. ఇలా మూడో ముక్కని దాచడం 1195 జులైలో మొదలైంది, 1833లో చట్టం తీసేసేదాకా నడిచింది. డేగ బదులుగా ఉందంటే అది మామూలుగా ఇంటి లోపలి సర్దుబాటు, కొడుక్కి పెళ్ళి చేస్తూ భూమి రాసివ్వడం లాంటిది. 100 మార్కులు, 20 పౌన్లు అని ఉన్నవి కూడా లాంఛనంగా వేసే అంకెలే, అసలు ధర అనుకోకండి. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్స్, అది లెక్కల్లో తప్ప నాణెంగా లేదు. మీరు చూడాల్సింది చివర్లో భూమి ఎవరి తర్వాత ఎవరికి అని రాసిన వరస, వాళ్ళకి పిల్లలు లేకపోతే ఫలానా తమ్ముడికి అని, అక్కడే అన్నదమ్ములందరూ వరసగా దొరుకుతారు.

ప్రశ్న: 1600ల్లో హెరాల్డ్‌లు, అంటే కుటుంబాల డాలు గుర్తులు, వంశాలు నమోదు చేసే అధికారులు, గీసిన మా వారి కుటుంబం చార్ట్ ఉంది, నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన 1066 కాలం దాకా వెళ్తోంది. దాన్నే తీసుకోవచ్చా?

జవాబు: చార్ట్ గీయించిన తరం, దాని పై రెండు మూడు తరాలు మామూలుగా బాగానే ఉంటాయి, ఇంట్లో వాళ్ళకి గుర్తున్నవి కాబట్టి. అంతకన్నా పైన ఆశ కూడా కలుస్తుంది. నార్ఫోక్‌లో పాస్టన్‌లని చూడండి. 1466లో రాజు నాలుగో ఎడ్వర్డ్ వీళ్ళు నార్మన్లు వచ్చినప్పటి నుంచీ పెద్ద వంశమే అని రాసిచ్చాడు. వాళ్ళంటే పడనివాళ్ళు రాసిన ఇంకో కాగితం కూడా మిగిలింది, అందులో 1419లో పోయిన క్లెమెంట్ పాస్టన్ మామూలు రైతు, నాగలి కట్టుకున్నాడు, జీను లేని గుర్రం మీద గింజల మూట వేసుకుని మిల్లుకి వెళ్ళి పిండి తెచ్చుకునేవాడు, అప్పు చేసి కొడుకు విలియమ్‌ని చదివించాడు అని ఉంది. ఆ కొడుకే 1429లో కామన్ ప్లీస్ కోర్టు జడ్జి అయ్యాడు. రెండో కాగితం పగతో రాసిందే, కానీ గుర్రం, మిల్లు, ఎకరాలు ఇవన్నీ ఊళ్ళో వాళ్ళు చూసిన సంగతులు, చరిత్రకారులు ఎక్కువగా దాన్నే నమ్ముతారు, నేనూ అంతే. నాకైతే ఆ నాగలి పట్టిన క్లెమెంటే ఎక్కువ గౌరవంగా కనిపిస్తాడు.

మీ చార్ట్‌లో 1538కి ముందున్న ఒక్కో పేరు పక్కన ఒక ఫైనో, ఒక విచారణో, ఒక దావానో రాయగలరేమో చూడండి. రాయలేని పేర్లు పెన్సిల్‌తోనే ఉంచండి, మీరు పట్టుకున్న మేనర్ పేరు నాకు రాస్తే ఏ కౌంటీ రికార్డు ముందు తీయాలో వచ్చే నెల చెప్తా.