ఆ రాత్రి సంగతి ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయనకు 47 ఏళ్లు. పోయినేడు వానాకాలంలో పత్తి చేను నుంచి వచ్చి అన్నం తింటుంటే చేతిలో ముద్ద జారిపోయింది. మూతి వంకర పోయింది, మాట రాలేదు. అత్తమ్మ, నేను కలిసి ఆటో మాట్లాడుకొని, పావురం రక్తం పూసే ఆయన దగ్గరికి తీసుకుపోయాం. ఆస్పత్రికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నారు. కుడి చెయ్యి రాలేదు, మాట సగమే వచ్చింది. ఆరు నెలల నుంచి ఊరూరా తిరిగి, పక్షవాతం వస్తే ఆస్పత్రికే పోవాలని చెప్తున్నారు. సర్కారు దవాఖానలో రాత్రిపూట కూడా స్కానింగ్ ఉండాలని దరఖాస్తులు పెడుతున్నారు. ఎక్కడికి పోయినా ఆ రాత్రి కథే. నేను తల ఎత్తుకోలేకపోతున్నా. నాన్న మాటకు జనం నవ్వుతున్నారని డిగ్రీ చదివే కొడుకు గొడవ. మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని నాకు నిద్ర పట్టదు. ఆయన్ని ఎట్లా ఆపాలి?

జవాబు: అమ్మా, ఎట్లా ఆపాలని అడిగారు గానీ, ఉత్తరం చదివాక నా మనసులో నిలిచిపోయింది ‘తల ఎత్తుకోలేకపోతున్నా’ అన్న మాట. ఆయన కథ చెప్పిన ప్రతిసారీ మీరు మళ్లీ ఆ ఆటో ఎక్కుతున్నారు. ఆ రాత్రి గురించి ఇంట్లో మీరిద్దరూ ఒక్కసారైనా మాట్లాడుకున్నారా? లేదనే నాకనిపిస్తోంది.

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి స్ట్రోక్ వస్తే, 4.5 గంటల లోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. అయితే ముందు సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూసుకోవాలి. అందరికీ ఆ ఇంజెక్షన్ పనికిరాదు, ఇచ్చినా అందరూ పూర్తిగా కోలుకోరు. వెంటనే పోయి ఉంటే ఆయన చెయ్యి వచ్చేదా? వచ్చేదేమో, రాకపోయేదేమో. ఇప్పుడు ఏ డాక్టరూ తేల్చి చెప్పలేరు. ‘ఏం తేడా ఉండేది కాదులే’ అని మిమ్మల్ని ఓదార్చను, అది అబద్ధమవుతుంది. కానీ మీరు చేతులు ముడుచుకొని కూర్చోలేదు కదా. చీకట్లో ఆటో మాట్లాడుకొని, మనిషిని ఎత్తుకొని పరుగెత్తారు. పావురం రక్తం, పసరు మందు అని చుట్టూ అందరూ చెప్పే ఊళ్లో పెరిగారు. అక్కడికి పొమ్మన్నవాళ్లే తప్ప, 108కి ఫోన్ చెయ్యమన్నవాళ్లు ఆ రాత్రి మీ వాకిట్లో ఒక్కరూ లేరు.

మీ ఆయన చేస్తున్న పని ఆ ఒక్కరి లోటు తీర్చడమే. అందుకే ఆపమని నేను చెప్పలేను. దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. దగ్గరలో రాత్రిపూట స్కాన్ లేకపోతే, తొందరగా బయల్దేరినవాళ్లకూ దారిలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నరకణాలు చచ్చిపోతాయని అంచనా. ఆయన అడుగుతున్నది న్యాయమైన కోరిక. అదే దరఖాస్తులో మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు కావాలని కూడా రాయమనండి. ఇంటికొచ్చాక చెయ్యి, కాలు ఆడించే వ్యాయామం చేయించేవాళ్లు లేక ఎంతోమంది మంచానికే అంటుకుపోతున్నారు.

కానీ ఆ కథ ఆయన ఒక్కరిదే కాదు. అందులో మీరున్నారు, మీ అత్తమ్మ ఉన్నారు. మీ భాగం చెప్పేముందు మిమ్మల్ని అడగాలి. ఈ మాట మీరే ఆయనతో అనండి. రాత్రి అన్నాలయ్యాక, టీవీ కట్టేసి, ‘ఆ రోజు నేను భయపడ్డాను, నాకు తెలియలేదు’ అని చెప్పండి. ఆయన ఏడవొచ్చు. స్ట్రోక్ తర్వాత కొందరికి ఏడుపు, నవ్వు అదుపులో ఉండవు, కంగారు పడకండి. మాట తడబడితే మీరు అందించకండి, మనసులో పది లెక్కపెట్టండి. ఎదుటివాళ్లు తొందరపెడితే వచ్చే మాట కూడా లోపలే ఆగిపోతుంది.

మళ్లీ వస్తుందన్న మీ టెన్షన్ ఉత్తదే అనను. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువే. ఊళ్లు తిరిగినందుకు రాదు. బీపీ గోలీ మానేస్తే, బీడీ మళ్లీ ముట్టిస్తే, షుగర్‌ను అదుపులో పెట్టుకోకపోతే ఆ ప్రమాదం పెరుగుతుంది. గోలీల డబ్బా ఆయన సంచిలోనే ఉండాలి. స్ట్రోక్ అలసట మామూలు అలసట కాదు, కాబట్టి రోజుకు ఒక్క ఊరే, మధ్యాహ్నం పడుకోవాల్సిందే. ఈ షరతు మీరు గట్టిగా పెట్టొచ్చు. ఆయన నెలలుగా చిన్నబుచ్చుకొని, తిండి మీద ధ్యాస లేకుండా ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, దానికీ మందులున్నాయి. వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్కారు సర్టిఫికెట్ (ఇదివరకు సదరం అనేవారు) తీసుకోకపోతే తీసుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే పింఛనుకు అడగొచ్చు.

మీ అబ్బాయికి ఉపన్యాసం ఇవ్వకండి, పని ఇవ్వండి. దరఖాస్తు వాడినే రాయమనండి. సోమవారం నల్గొండ కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి ముగ్గురూ కలిసి పోండి. వాడు కాగితం చదువుతాడు, మీ ఆయన ఎడమ చేత్తో సంతకం పెడతారు. ‘ఆ రాత్రి ఎక్కడికి తీసుకుపోయారు?’ అని అధికారి అడిగితే, చెప్పాలనిపిస్తే మీరే చెప్పండి. ఇష్టం లేకపోతే, చెప్పొద్దని బయల్దేరేముందే ఆయనకు చెప్పి ఉంచండి.