ఏజెన్సీ బడిలో చేరిన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

చింతూరు ఏజెన్సీ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా జాయినయ్యావని మీ అమ్మ ఫోన్ చేసింది. అద్దె ఇల్లు, సిగ్నల్, నీళ్ళ సంగతి అక్కడివాళ్ళు చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: అక్కడ నీ ఇంగ్లీషును నువ్వే కాపాడుకోవాలి.

బడికి ఒక్కరే ఇంగ్లీషు ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) ఉన్నప్పుడు, రోజంతా మనతో ఇంగ్లీషులో మాట్లాడేది పిల్లలే. వాళ్ళకు అర్థం కావాలని చిన్న చిన్న వాక్యాలకు దిగుతాం. దిగాల్సిందే. కానీ ఏళ్ళ తరబడి అలాగే గడిస్తే మన నోరూ ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోతుంది. డీఎస్సీకి బట్టీ పట్టిన మెథడాలజీ ఇక్కడ అక్కరకు రాదు.

అందుకని వారానికో పీరియడ్ ఫోన్‌లో రికార్డు చేసుకో. ఆడియో చాలు, కెమెరా చూస్తే పిల్లలు బిగుసుకుపోతారు. విన్నప్పుడు ముందు ఒక్కటి చూడు, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగావో. మనవాళ్ళు చాలామంది క్షణం కూడా ఆగరు. జవాబు తామే చెప్పేసి 'అండర్‌స్టాండ్?' అంటారు. 'యెస్ టీచర్' అని క్లాసంతా ఒకే గొంతుతో అరుస్తుంది. ఆ కోరస్‌ను నమ్మకు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో చెప్పేస్తే చాలనుకోకు. బాగా అందుకున్న పిల్లను లేపి 'మీ భాషలో పక్కవాళ్ళకు చెప్పు' అను. కాసేపు గోలవుతుంది, భరించు.

రెండోసారి విన్నప్పుడు ఉచ్చారణ పట్టుకో. తెలుగు రాసింది రాసినట్టు చదివే అలవాటు కదా, ఇంగ్లీషునూ అలాగే చదివి 'స్టాప్డ్', 'వాక్డ్' అంటాం. అక్కడ చివర పలికేది 'ట్': స్టాప్ట్, వాక్ట్. 'ప్లేడ్'లో మాత్రం డ్ ఉంది. 'వాంటెడ్' సంగతి వేరు, అక్కడ 'ఇడ్' అని విడిగా పలుకుతుంది. నెలకు ఇలాంటిది ఒక్కటి తీసుకుని, డిక్షనరీ యాప్‌లో విని దిద్దుకో. అన్నీ ఒకేసారి దిద్దుకోబోతే క్లాసులో నోరు పెగలదు.

ఇక ట్రైనింగులు. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. టీచర్ల ఆన్‌లైన్ శిక్షణకు సర్కారు పెట్టిన దీక్షా యాప్‌లో వీడియో మ్యూట్‌లో పెట్టి పప్పు తాలింపు వేసుకునేవాళ్ళను నేనెరుగుదును. సర్టిఫికెట్ వాళ్ళకూ వస్తుంది! నువ్వు మాత్రం కోర్సుకో పని తీసుకుని మర్నాడే క్లాసులో చేసి చూడు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో టీ టైముకు పక్క బడి ఇంగ్లీషు టీచర్ని పట్టుకో. ఇద్దరూ ఒకే పాఠం చెప్పి రికార్డింగులు మార్చుకోండి. ట్రైనింగులిచ్చే ఏ రిసోర్స్ పర్సనూ అంత నేర్పడు.

సామగ్రి లేదని దిగులుపడకు. ఇంగ్లీషు బోధనలో పేరున్న ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా దక్షిణాదిలో మామూలు బడుల్లోనే, గ్రామర్ పాఠం పక్కనపెట్టి, రైల్వే టైంటేబుళ్ళు, మ్యాపులతో లెక్క తేల్చే పనులిచ్చి ఇంగ్లీషు నేర్పించి చూశారు. ప్రపంచమంతా ఆ ప్రయోగం గురించి చదువుకుంది. నువ్వు చింతూరు నుంచి భద్రాచలం వెళ్ళే బస్సుల టైములు బోర్డు మీద రాయి. 'రెండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలంటే ఏ బస్సెక్కాలి?' అని ఇంగ్లీషులో అడిగి, ఇద్దరిద్దరుగా తేల్చమను. తప్పుల ఇంగ్లీషులో చెప్పినా ఆపకు, ముందు బస్సు దొరకనీ.

కాస్త కుదురుకున్నాక బెంగళూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌లో నెల రోజుల కోర్సుకు డిప్యుటేషన్ అడుగు. 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసం నడుస్తున్న సంస్థ. ఉన్నదే ఒక్క ఇంగ్లీషు టీచరని హెచ్‌ఎం రిలీవ్ చెయ్యడానికి నసుగుతారు. టెన్త్ పరీక్షల సీజన్ కాకుండా చూసుకుని, నీ క్లాసులు ఎవరు తీసుకుంటారో ముందే మాట్లాడుకుని, ఆ కాగితంతోనే వెళ్ళి అడుగు.

మొదటి రికార్డింగు నాకు వాట్సాప్ చెయ్యి. మొహమాటపడకు, మీ అత్తయ్యకు వినిపించనులే.

మీ మావయ్య